తడిచేతి పరీక్ష

లోడు నిండిన వ్యానుకూ, తెరిచిన గేటుకూ మధ్య వర్షిణి చేతులు బార్లా చాపి నిలబడింది. అంతటితో వ్యాను కదలడం ఆగిపోయింది. వ్యానులో ఉన్నవి మాచర్ల వెళ్ళవలసిన కొత్త కూలర్లు. ఒక్కోదాని నుదుటి మీద నీలిరంగు అక్షరాలతో 'పిల్లగాలి' అని పేరు. ఆ పేరు పెట్టిందీ, నరసరావుపేట వినుకొండ రోడ్డులోని ఆ రేకుల షెడ్డును భర్త పోయాక ఒంటిచేత్తో నిలబెట్టిందీ వర్షిణి మేనత్త నాగేంద్రమ్మ. ఇళ్ళల్లో వాడే కరెంటు సామాన్లు మనిషికి ఎంతవరకు క్షేమమో పరీక్షించే ల్యాబులో వర్షిణి హైదరాబాదులో ఉద్యోగం చేసింది. "నా కూలర్లు కూడా ఓసారి చూసిపోవే" అని అత్త పిలిస్తేనే వచ్చింది. వచ్చి చూసింది. చూశాక, ఒక్క కూలరు కూడా గేటు దాటడానికి వీల్లేదంది.

"జరుగుతావా జరగవా?" అంది నాగేంద్రమ్మ.

ఆవిడ ఎప్పుడైనా మెల్లగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమోనని షెడ్డులో వాళ్ళు కంగారుపడతారు. ఆ ఉదయం ఆవిడ ఆరోగ్యానికి ఏ లోటూ లేదని రోడ్డవతల వాళ్ళక్కూడా తెలిసింది. వ్యాను డ్రైవరు బాజీ ఇంజను ఆపేసి, స్టీరింగు మీద గడ్డం ఆనించుకుని హాయిగా చూస్తున్నాడు. అత్తాకోడళ్ళ పోరు టీవీలో చూడడం వేరు, కళ్ళెదుట చూడడం వేరు.

"జరగను అత్తా."

"నా కూలరు తిరగదా?"

"బ్రహ్మాండంగా తిరుగుద్ది."

"గాలి రాదా?"

"రెంటచింతల ఎండలో కూడా దుప్పటి కప్పుకోవాల్సిందే. నేను అడిగేది అది కాదు. దాన్ని వాడే మనిషి ఒక్క పొరపాటు చేస్తే ఏమవుద్ది అని."

"పొరపాటు చేస్తే తప్పు వాళ్ళది. ఇంతింత అక్షరాల్తో స్టిక్కరు వేయించా. తడి చేతులతో ముట్టుకోరాదు, నీళ్ళు పోసేముందు కరెంటు ఆపవలెను అని. అంతకన్నా ఏం చెయ్యమంటావే? ఇంటింటికీ పోయి కాపలా కూర్చోమంటావా?"

"ఆ స్టిక్కరు ఎవరు చదువుతారు?"

"ఎవరేంది? కొన్న ప్రతోళ్ళూ చదువుతారు."

సరిగ్గా అప్పుడే ఎదురింటి పోలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ గేటులోంచి లోపలికి వచ్చింది. పోలమ్మకు రోజూ అదొక అలవాటు. పరీక్ష కోసం తిప్పే కూలరు ముందు కాసేపు కూర్చుని, ఒళ్ళు చల్లబడ్డాక ఇంటికి పోతుంది. వాళ్ళింట్లోనూ పిల్లగాలి కూలరు ఉంది. కానీ పొరుగింటి కరెంటుతో వచ్చే గాలి ఇంకా చల్లగా ఉంటుందని ఆవిడ నమ్మకం.

వర్షిణి అవకాశం జారవిడుచుకోలేదు. "అవ్వా, మీ ఇంట్లో కూలరు మీద ఎర్ర స్టిక్కరు ఒకటుంది కదా, గుర్తుందా?"

"ఎందుకు లేదు? చానా నున్నగా ఉంటదమ్మా అది. నీళ్ళు పోసుకునేప్పుడు నా బొట్టుబిళ్ళలన్నీ దాని మీదే అంటిస్తా. ఒక్కటీ రాలదు."

బాజీ స్టీరింగు మీద వాలి నవ్వసాగాడు. హారను కూడా తోడైంది. నాగేంద్రమ్మ వాడివైపు ఒక చూపు చూసేసరికి హారను ఆగింది గానీ నవ్వు ఆగలేదు.

"సరే," అంది నాగేంద్రమ్మ నడుముకు కొంగు బిగించి. "మనుషులు అడ్డదిడ్డంగా వాడతారని నోటితో చెప్పమాక. నా కళ్ళకి చూపించు. చూపిస్తే లోడు దింపిస్తా. చూపించలేకపోయావనుకో, ఇదే వ్యానులో మాచర్ల పోయి నీ చేతుల్తో ఒక్కో కూలరూ దింపి రావాల. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా," అంది వర్షిణి. అత్త తనను పరీక్షకు పెట్టిందని కాదు గానీ, పరీక్షకు ఒప్పుకుందని ఆ పిల్లకు లోపల పండగలా అనిపించింది.

షెడ్డు మధ్య ఖాళీ చేయించింది. ఒక కొత్త కూలరు తెచ్చి పెట్టించింది. దాని పక్కన నవారు మంచం, నీళ్ళ బిందె, చెంబు, తడిగుడ్డలు ఆరేసే తాడు. మోటార్లు బిగించే అబ్దుల్ రహీమ్, షెడ్డు మొదలైన నాటి నుంచీ ఉన్నవాడు, ఇదేం పెళ్ళి సందడి అన్నట్టు చూస్తూనే అడిగినవన్నీ అందించాడు. కూలరుకు కరెంటు పెట్టలేదు, ఆట కోసం ప్లగ్గును కరెంటు లేని పాత బోర్డులో గుచ్చింది. టార్చిలైటు బ్యాటరీలు, పాత కాలింగ్ బెల్లు ఒకటి తెచ్చి, కూలరు లోపల కరెంటు పారే చోట్లకు ఒక తీగ కలిపింది. రెండో తీగ చివర దర్జీలు వేలికి పెట్టుకునే ఇనప తొడుగు కట్టింది.

"ఇది పెట్టుకున్న వేలు కరెంటు ఉండే చోట తగిలిందంటే గంట మోగుద్ది. మోగిందంటే, మీ ఇంట్లో అయితే షాకు కొట్టినట్టు. అంతే ఆట," అని చెప్పింది. "ఎవరికీ ఏమీ కాదు. కూలరు తిరుగుతుందనుకోండి. మీ ఇంట్లో ఎట్టా వాడతారో అట్టానే వాడండి."

ఆటంటే ఎవరు కాదంటారు? రహీమ్ భార్య అబిదా మధ్యాహ్నం భోజనం క్యారేజీ తెచ్చి అక్కడే ఆగిపోయింది. ముందు పోలమ్మ వంతు. తొడుగు వేలికి పెట్టుకుని, కొత్త ఉంగరం వచ్చినట్టు అందరికీ చూపించి, చెంబుతో నీళ్ళు ముంచుకుంది. కూలరు వెనక పలక ఒక పక్కకు లాగి లోపలికి నీళ్ళు పోసింది. పోస్తూ పోస్తూ, జారిన గడ్డిని వేళ్ళతో పైకి ఎగదోసింది.

గంట గణగణా మోగింది.

"ఇదేందమ్మా, నేనేం చేశా?" అని పోలమ్మ వెనక్కి గెంతింది. ఆ వయసులో అంత గెంతు గెంతగలదని ఎవరికీ తెలియదు.

తర్వాత అబిదా. ఆవిడ ఇంట్లో అన్నీ అద్దాల్లా ఉంచే మనిషి. తడిగుడ్డ తీసుకుని కూలరంతా శుభ్రంగా తుడిచింది. తుడుస్తూ స్విచ్చు పక్కన సందులో పేరుకున్న దుమ్ము కోసం వేలు దూర్చింది. గంట. అబిదా కెవ్వుమని, ఆనక ఫక్కున నవ్వి, తన ఫోను తీసి, "ఇంకోసారి చేస్తా, వీడియో తీయండి," అని భర్తకిచ్చింది.

నాగేంద్రమ్మ ముక్కుపుటాలు అదిరాయి. "వీళ్ళకి వాడడం చేతకాదు. ఇట్టా తే ఆ తొడుగు. కూలరు ఎట్టా వాడాలో నే చూపిస్తా. రహీమూ, బాగా తియ్యి. కొన్నోళ్ళందరికీ పంపుదాం."

తొడుగు పెట్టుకుంది. గొంతు సవరించుకుంది. ముందు స్విచ్చు ఆపింది. తర్వాత ప్లగ్గు పీకి, అందరికీ కనపడేట్టు గాలిలో ఊపింది. నీళ్ళు పోసింది. పలక మూసింది. కొంగుతో చేతులు పొడిగా తుడుచుకుని, ప్లగ్గు పెట్టి, స్విచ్చు వేసింది. గంట కిక్కురుమనలేదు. బాజీ చప్పట్లు కొట్టాడు. వర్షిణి మొహంలో రంగు కొంచెం తగ్గింది. మాచర్ల దారి కళ్ళముందు కనపడింది.

"చూశారా?" అంది నాగేంద్రమ్మ గెలిచిన ఎద్దులా మెడ ఎత్తి.

"అంతా బాగానే ఉంది గానీ నాగేంద్రం," అంది పోలమ్మ మంచం మీంచి, "మా ఇంట్లో దానికి ఒక్కోసారి నీళ్ళు పైకెక్కవు. ఉత్త వడగాలి కొడద్ది. అప్పుడేం చెయ్యాల?"

"ఇంతదానికేంది పిన్నీ! పంపు మొరాయించిందన్నమాట. ఇట్టా వెనక చెయ్యి పెట్టి, తీగ అతుకు పట్టుకుని ఇట్టా ఒక్క ఊపు ఊపామంటే..."

గంట మోగింది. ఆగకుండా మోగింది. ఎందుకంటే నాగేంద్రమ్మ చెయ్యి వెనక్కి తీసుకోవడం మరిచిపోయింది. మోచేతి దాకా కూలరులో, కళ్ళు వర్షిణి మీద, నోరు తెరిచినది తెరిచినట్టే.

స్విచ్చు ఆపలేదు. ప్లగ్గు తీయలేదు. చేతులు తడి.

"ఏమే నాగేంద్రం," అంది పోలమ్మ, "నీ స్టిక్కరు నువ్వు కూడా చదవలేదా?"

ముందు నవ్వింది నాగేంద్రమ్మే. ఆ భారీ మనిషి నవ్వితే కూలరు రేకులు కూడా కొద్దిగా అదిరాయి. ఆవిడ నవ్వాక ఇక ఎవరికి భయం? రహీమ్ ఫోను చేతిలో వణికిపోయేట్టు నవ్వాడు. బాజీ వ్యాను దిగి నేల మీద కూర్చున్నాడు. అబిదా కళ్ళు తుడుచుకుంది. వర్షిణి అత్త భుజం మీద తల పెట్టి, ఊపిరాడక పట్టుకుంది.

నవ్వు తగ్గాక నాగేంద్రమ్మ తన చెయ్యి తానే ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"మీ మామ నేర్పిన పద్ధతే ఇది. పంపు ఆగితే తీగ పట్టి ఊపు, అదే కదులుద్ది అనేవాడు. ఎన్నిమాట్లు పెట్టానో ఈ చెయ్యి. ఎంతమందికి చెప్పానో." తొడుగు మెల్లగా తీసి వర్షిణి అరచేతిలో పెట్టింది. "ఇది బ్యాటరీ కాబట్టి గంట మోగింది. నిజం కరెంటయితేనో?"

"మోగడానికి గంట ఉండదత్తా," అంది వర్షిణి.

నాగేంద్రమ్మ తడిచెయ్యి కొంగుతో తుడుచుకుంది. గేటు వైపు తిరిగింది. "ఒరేయ్ బాజీ! లేవరా, లోడు దించు."

"పొద్దున్నే ఎక్కించా కదమ్మా!"

"ఎక్కించావు కాబట్టే దించమంటన్నా. ఎక్కించకపోతే ఏం దించుతావు?"

మాచర్లలో కూలర్ల కోసం కాచుకున్న దుకాణదారు చైతన్యకు ఆవిడే ఫోను చేసింది. అవతల అతను ఎండల గురించి మొరపెట్టుకుంటున్నట్టుంది. "ఎండలు నాకు తెలవ్వా అబ్బాయ్? మనిషి చల్లగా ఉంటేనేగా మన గాలి చల్లగా ఉండేది. నాలుగు రోజులు విసనకర్రలు అమ్ముకో," అని ఫోను పెట్టేసింది.

ఆ తర్వాత షెడ్డులో మొదలైన పని చూడాలి. అదొక జాతర. వర్షిణి నేల మీద సుద్దముక్కతో కూలరు బొమ్మ గీసింది. చుట్టూ అందరూ కూర్చున్నారు.

"ల్యాబులో మాకు ముందు నేర్పేది ఒకటే అత్తా. ప్రమాదం కనపడితే ముందు దాన్ని తీసేయగలమా అని చూడాలి. తీయలేకపోతే మనిషి చెయ్యి చేరకుండా అడ్డం కట్టాలి. అదీ కుదరని చోట మాత్రమే జాగ్రత్త అని రాయాలి. మనం రాతతో మొదలుపెట్టి రాతతోనే ఆపేశాం."

"అంతేగా మరి," అంది నాగేంద్రమ్మ ఆలోచిస్తూ. "పొలంలో దిగుడుబావి ఉంటే గట్టు కట్టాల గానీ, ఇక్కడ బావి ఉంది చూసి పడండి అని పలక పెడితే ఎట్టా?"

నీళ్ళలో మునిగి ఉండే పంపుకు ఇంటి కరెంటు ఎందుకు, బ్యాటరీతో నడిచేంత చిన్న కరెంటు చాలదా అంది వర్షిణి. చాలు, పెద్ద కరెంటును చిన్నది చేసే డబ్బా పైన పొడిచోట బిగిద్దాం అన్నాడు రహీమ్. వెనక పలక తెరిస్తేనే గదా చెయ్యి దూరేది, నీళ్ళు పోయడానికి బయటే ఒక మూతి పెట్టమంది అబిదా. పలక తెరవగానే కరెంటు దానంతటదే ఆగే స్విచ్చు ఒకటి పెడదామంది వర్షిణి. తీగ దూరే రంధ్రం దగ్గర రేకు అంచు కత్తిలా ఉందనీ, అక్కడ రబ్బరు వలయం వేయకపోతే ఏదో ఒక వేసవిలో తీగ తోలు కోసుకుపోయి కూలరు ఒళ్ళంతా కరెంటు పాకుతుందనీ చూపించింది. అందుకే రేకు ఒంటికి మూడో తీగ, మూడు కాళ్ళ ప్లగ్గు.

"ఇంట్లో గోడకి ఎర్తే లేకపోతే మూడో కాలు ఏం చేసుద్దమ్మా?" అన్నాడు రహీమ్. "మా వీధిలో సగం ఇళ్ళకి లేదు."

వర్షిణి సుద్దముక్క ఆపింది. "అదే బాబాయ్ నన్ను కూడా పీడిస్తుంది. కరెంటు రావాల్సిన దారి తప్పి మనిషిలోకి పోతుంటే, రెప్పపాటులో పసిగట్టి ఆపేసే పరికరం ఉంది. ప్లగ్గు దగ్గరే దాన్ని బిగిద్దాం. ఇల్లు ఎట్టా ఉన్నా కూలరు తన జాగ్రత్త తను చూసుకోవాలి."

"ఖర్చు?" అన్నట్టు రహీమ్ నాగేంద్రమ్మ వైపు చూశాడు.

"నా మొహం చూస్తావేంది? బిగించు," అంది ఆవిడ.

బాజీ బజారుకు పోయి కావలసినవన్నీ తెచ్చాక, మధ్యాహ్నం ఎండ రేకుల మీద నిప్పులు చెరుగుతుండగా మొదటి కొత్త కూలరు తయారైంది. మళ్ళీ బ్యాటరీలు, మళ్ళీ గంట, మళ్ళీ పోలమ్మ. ఆవిడ నీళ్ళు పోసింది, తడిచేత్తో తట్టింది, సందుల్లో వేలు దూర్చబోయింది. సందులే దొరకలేదు. నాగేంద్రమ్మ వెనక పలక పెరికి పంపు తీగ పట్టుకుని ఊపింది. గంట మౌనం. ఆవిడ ఇంకా గట్టిగా ఊపింది.

"గంట పాడైపోయినట్టుందమ్మా," అంది పోలమ్మ దిగులుగా. ఆవిడకు ఆట అయిపోయిందన్న బెంగ.

"గంట బాగానే ఉందవ్వా. కూలరే బాగుపడింది," అంది వర్షిణి. నిజం కరెంటు పెట్టి స్విచ్చు వేసింది. తడి గడ్డి వాసనతో చల్లటి గాలి ఒక్కసారిగా అందరి మొహాలనూ తాకింది. చెమటతో తడిసిన ఆ పిల్ల జుట్టు వెనక్కి ఎగిరింది. ల్యాబులో ఎన్నో వస్తువులకు పాసు ముద్ర వేసింది గానీ, ఇంత మంది నవ్వుల మధ్య ఏ ఒక్కదానికీ వేయలేదు. నాగేంద్రమ్మ దగ్గరకొచ్చి ఆ జుట్టు సవరించి, "మాచర్ల పోవాల్సిన పని తప్పింది పో," అంది. ఆవిడ నోటివెంట అంతకు మించిన మెచ్చుకోలు ఎవరూ విని ఎరగరు.

"మరి ఇప్పటికే అమ్మినవో అత్తా?"

"అదే ఆలోచిస్తన్నా. రహీమూ, నేను చెయ్యి పెట్టిన వీడియో ఉందా?"

"ఉంది గానీ, తీసేయమంటారేమోనని..."

"తీసేస్తే ఎట్టా? కొన్నోళ్ళందరికీ అదే పంపించు. నే మాట్లాడతా, అది దానికి ముందు తగిలించు."

ఆవిడ మాట్లాడింది ఇదీ: "నేను పిల్లగాలి నాగేంద్రమ్మని. నా కూలర్లో నేనే చెయ్యి పెట్టి గంట మోగించుకున్నా, చూసి నవ్వుకోండి. నవ్వాక లేచి కూలరు ప్లగ్గు పీకండి. నీళ్ళు పోసేప్పుడు, తుడిచేప్పుడు, ముట్టుకునేప్పుడు ప్లగ్గు గోడకి ఉండకూడదు. ముట్టుకుంటే చురుక్కుమందా, ఇక దాన్ని అసలు వాడమాకండి, నాకు ఫోను చెయ్యండి. మేమే ఇంటికొచ్చి బాగుచేసి పోతాం. మీరు ఏమీ ఇయ్యక్కర్లేదు. మజ్జిగిస్తే తాగుతాం."

కాసేపట్లోనే ఫోను మోతెక్కిపోయింది. రాజుపాలెం నుంచి ఒకాయన, మజ్జిగ కాదు కోడి కోస్తాం రమ్మన్నాడు. గురజాలలో ఒకావిడ, నాగేంద్రమ్మ గంట మోగించినట్టు తన కొడుకు అభినయించిన వీడియో పెట్టింది. అందరూ మంచం చుట్టూ మూగి ఒక్కొక్కటే వింటున్నారు. అప్పుడు వచ్చింది ఆ వాయిస్ మెసేజి.

"అక్కా... నేను కోటేశ్వరమ్మని."

నాగేంద్రమ్మ చేతిలో టీ గ్లాసు నోటిదాకా పోకుండా ఆగింది. నకరికల్లులో ఉండే ఆవిడ చెల్లెలు. పొలం గట్టు దగ్గర మొదలైన మాటామాటా పెరిగి, అక్కచెల్లెళ్ళు మొహాలు చూసుకోవడం మానేసి ఏళ్ళయింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడినా ఒకరు తూర్పు, ఒకరు పడమర. వర్షిణికి ఆవిడ చిన్నత్త. అయినా ఈ ఇంట్లో ఆ పేరు ఎత్తేది కాదు.

"నీ వీడియో చూసి కడుపు చెక్కలయ్యేట్టు నవ్వానే," అంటోంది గొంతు. "గంట మోగ్గానే నీ మొహం, చిన్నప్పుడు మీగడ దొంగతనంగా తింటా అమ్మకి దొరికిపోయావే, అచ్చం అట్టానే ఉంది. ఎన్నాళ్ళయిందే నిన్ను అట్టా చూసి! ఇక నావల్ల కాలేదు, అందుకే మాట్లాడేశా. బావ చేసిచ్చిన కూలరు మా ఇంట్లో ఇంకా బాగానే తిరుగుతందే. నువ్వొస్తావని ఒక వంక చెప్పాలిగా, రా, వచ్చి చూసిపో..."

నాగేంద్రమ్మ కళ్ళు నిండిపోయాయి. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియదు. పోలమ్మ ఆవిడ వీపు నిమిరింది. "వ్యాను తియ్యరా బాజీ! కొత్త కూలరు ఎక్కించు. నకరికల్లు పోదాం. మా చెల్లెలు పిలిచిందిరా!" అని నాగేంద్రమ్మ కేక పెట్టింది. ఆ సందట్లో మెసేజి చివరి మాటలు ఎవరి చెవికీ ఎక్కలేదు, వర్షిణికి తప్ప. వర్షిణి ఫోను చేతిలోకి తీసుకుని చెవికి ఆనించి ఆ ముక్క మళ్ళీ వింది.

"...దాన్ని ముట్టుకుంటే కొంచెం చిమచిమమంటది, అంతే. ఒంటిపూట బడులు గదా, పిల్లలకి అదొక ఆటయింది. వరసగా చేతులు పట్టుకుని నిలబడతారు, చివరోళ్ళు కూలరు ముట్టుకుంటారు. ఆ నవ్వులు చూడాల నువ్వు! నేను మిరపకల్లం కాడికి పోయి సాయంత్రానికి వస్తా. ఉంటానే."

వర్షిణి మొహంలో నవ్వు మాయమైంది. అదే నంబరు నొక్కింది. మోగింది. మోగుతూనే ఉంది. వ్యాను దగ్గర నాగేంద్రమ్మ, చెల్లెలికి ఏం తీసుకుపోవాలో అబిదాను గట్టిగా అడుగుతోంది.

అవతల ఎవరో ఫోను ఎత్తారు. ఆడపిల్ల గొంతు, ముద్దుముద్దుగా. "హలో! నాయనమ్మ లేదు. ఫోను ఛార్జింగు పెట్టి కల్లానికి పోయింది."

"బంగారం, నే చెప్పేది జాగ్రత్తగా విను. నువ్వు కూలరు ముట్టుకున్నావా?"

"లేదు, నేను ఈ చివర. ఫోనొచ్చిందని వదిలేసి వచ్చా. ఈసారి కూలరు ముట్టుకునే వంతు శ్రీదివ్యక్కది. అక్క ఇప్పుడే నీళ్ళు పోసుకుని వచ్చింది. తల కూడా తుడుచుకోలా."

ఆ పిల్ల వెనకాల కూలరు హోరు. దాని మీదుగా పిల్లల నవ్వులు. వర్షిణి గొంతు షెడ్డంతా మారుమోగింది.

"ముట్టుకోవద్దని చెప్పు! శ్రీదివ్యా!"